దర్వాజకు నాలుగో కర్ర

పోయిన వారం చిలుకమ్మను ముగ్గు గీత మీద కాలు పెట్టిన మనిషిగా వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. వరంగల్ కాశిబుగ్గలో అద్దె ఇళ్లు మారీ మారీ విసిగిపోయిన హరికృష్ణ, యమున దంపతులు వర్ధన్నపేట దాటాక, ఖమ్మం రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న తమ మెట్ట చెలకలో బర్రెలు పెంచుకుంటూ అక్కడే ఉండిపోవాలనుకున్నారు. ఇల్లు వేరుగా, కొట్టం వేరుగా కట్టడం లేదు. ఒకే పొడుగాటి రేకుల కప్పు కింద సగం బర్రెలకు, సగం మనుషులకు. హరికృష్ణ తల్లి చిలుకమ్మ ఈ ప్లానుకు అందరికంటే ముందు తలూపింది. మేస్త్రి తిరుమల తాళ్లు కట్టి, ముగ్గు పోసి, మనుషుల భాగానికి వాకిలి ఎక్కడో చూపించి, "ఇగో, కడప ఇక్కడ వస్తది" అన్నాడు. గడపను ఇటు దిక్కు కడప అంటారు. ఆ మాట అతని నోట్లోంచి పూర్తిగా వచ్చిందో లేదో, అంతసేపూ వేపచెట్టు కింద హాయిగా కూర్చున్న ముసలావిడ లేచి వచ్చి ఆ గీతను కాలితో చెరిపేసింది.

అసలు ఆ ప్లాను గురించి చెప్పకుండా గొడవలోకి దిగితే నాకు మనసొప్పదు. అంత ముచ్చటైన ప్లాను అది. తూర్పు సగం బర్రెలది. రెండు వరసల్లో నిలబడతాయి, వెనక కాళ్లు లోపలి వైపు, మూతులు బయటి వైపు. మధ్యలో మనిషి నడుచుకుంటూ పెండ ఎత్తే బాట. నేల సిమెంటే గానీ నున్నగా కాదు, గిట్టలు జారకుండా గీతలు కొట్టిన సిమెంటు. కడిగిన నీళ్లు వాలుగా కాలువలోకి, కాలువలోంచి పచ్చగడ్డి మడిలోకి పోతాయి. పడమటి సగం మనుషులది. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. వాస్తు చూసిన పెద్దమనిషి కొట్టం వాయవ్యంలోనే ఉండాలని పట్టుబట్టాడు. అట్లా కడితే పడమటి గాలి పెండ వాసనను నేరుగా పప్పు గిన్నెలోకి తెచ్చిపెడుతుందని యమున వాదించింది. ఆఖరికి గాలే గెలిచింది, పెద్దమనిషికి మంచి చాయ్ పోసి సాగనంపారు.

రెండు భాగాలకూ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడలో చిలుకమ్మ తన కోసం ఒక కిటికీ పెట్టించుకుంది. మంచం మీద పడుకుని తల తిప్పితే బర్రె మూతి కనబడాలట. దోమలొస్తాయని హరికృష్ణ గొణిగితే జాలీ కొట్టుకోమంది. మనవలను చూసుకోవాల్సిన వయసులో ఈ బర్రెల పిచ్చి ఏమిటని చుట్టాలు నవ్వారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది గానీ కిటికీని మాత్రం వదల్లేదు.

ఇంత కలిసొచ్చిన ప్లానుకు ఒక్క కర్ర దగ్గర చిక్కొచ్చి పడింది. ఇంటి దర్వాజకు నాలుగు కర్రలుంటాయి. పక్కన రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఆ కిందిదే గడప. కొట్టానికైతే గడప అక్కర్లేదు, పశువు కాలు తట్టుకుంటుందని ఎవరూ పెట్టరు కూడా. మరి సగం కొట్టమూ సగం ఇల్లూ అయిన దీనికి పెట్టాలా, వద్దా? వర్ధన్నపేటలో వడ్రంగం చేసే వడ్లాయన కర్ర కోసి పెట్టుకుని కూర్చున్నాడు. మూడు కర్రలా, నాలుగా అని పొద్దున్నుంచీ తిరుమలకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఈ పూట తేల్చకపోతే వేరే వాళ్ల పని ఎత్తుకుంటానని బెదిరిస్తున్నాడు. వచ్చే బుధవారం దర్వాజ నిలబెట్టడానికి మంచి రోజు. అది దాటితే మళ్లీ శూన్యమాసం.

తిరుమల చెరిగిపోయిన గీతను చూశాడు, చిలుకమ్మను చూశాడు, తర్వాత హరికృష్ణను చూశాడు. హరికృష్ణ ఎవర్నీ చూడలేదు. బర్రెలకు నీళ్లు పెట్టే టైమైందని బకెట్ పట్టుకుని బోరు వైపు నడిచాడు. ఇంట్లో ఆడవాళ్లకు మాటామాటా వస్తే అతనికి ఎప్పుడూ ఏదో ఒక పని గుర్తొస్తుంది. కాశిబుగ్గలో ఉన్నప్పుడు పాల ప్యాకెట్ గుర్తొచ్చేది, ఇక్కడ బర్రెల దాహం గుర్తొస్తోంది. మనిషి మంచివాడే, కాదనను. మంచితనమంతా మోసుకుని పక్కకు తప్పుకోవడమే అతనితో వచ్చిన చిక్కు.

చిలుకమ్మ దగ్గర కారణాలకు కొదవ లేదు. వానాకాలంలో పుట్టిన దుడ్డెను, అదే బర్రె దూడను, చలికి తట్టుకోలేదని వంటింట్లో పొయ్యి పక్కకు తీసుకురావాలి, దాని లేత కాళ్లు గడపకు తగిలి విరిగితే ఎవరిది పాపం? తన మోకాళ్ల సంగతైతే వరంగల్ డాక్టర్లందరికీ తెలుసు. పాల క్యాన్లు బండి మీద పెట్టి తోస్తే గడప దగ్గర ఒలికిపోతాయి. నీళ్లు కొట్టి కడిగితే గడప దగ్గరే నిలిచిపోతాయి. ఇన్నీ చెప్పి, హన్మకొండ అపార్టుమెంట్లలో ఇప్పుడు ఎవరు పెట్టుకుంటున్నారో చూడమని ముక్తాయింపు ఇచ్చింది. జన్మలో ఒక్క అపార్టుమెంటు గుమ్మం ఎక్కని మనిషి.

యమున దగ్గర అన్నింటికీ జవాబులున్నాయి. గడప ఎత్తు తగ్గించొచ్చు. వంటింటి వెనక తలుపుకు గడప లేకుండా చేసి దుడ్డెను అటునుంచి తీసుకురావొచ్చు. పాల క్యాన్లు ఎలాగూ కొట్టంలోంచే పోతాయి. జవాబు చెప్పిన ప్రతిసారీ అత్త ఇంకో కారణం తీసింది. ఒక్క కారణం చెబితే నమ్మేదేమో గానీ ఇన్ని చెప్పేసరికి యమునకు అనుమానం వచ్చింది. ఈవిడ దాస్తున్నది వేరే ఏదో ఉంది.

యమునకు గడప అంటే ఎందుకంత పట్టింపు అని మీరు అడగొచ్చు. పెళ్లయి వచ్చింది మొదలు ఆమె శుక్రవారం పూట పసుపు రాసిన గడపలన్నీ వేరేవాళ్లవే. శుభ్రంగా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అది తన చేతికి అలవాటయ్యేసరికి ఇల్లు ఖాళీ చేయమనేవాళ్లు. ఒక ఇంట్లో ముచ్చటపడి గడపకు పసుపు పెయింటు వేసి, తెల్ల చుక్కలు పెట్టుకుంటే, ఓనరమ్మ పైనుంచి దిగి వచ్చి కిరాయిదారులు కిరాయిదారుల్లాగా ఉండాలని నలుగురి ముందు అంది. ఆ రోజు యమున లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన గడప మీద తన ఇష్టమైన రంగు వేసుకునే రోజు రావాలని అప్పుడే అనుకుంది. ఆ రోజు ఇప్పుడు తిరుమల ముగ్గు గీత దాకా వచ్చి, అత్త కాలి కింద ఆగిపోయింది.

కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపంలో ఆమె ఏమైనా అనేసేదే. కానీ అత్త మొహం చూసింది. గెలవాలనుకునేవాళ్ల మొహంలా లేదు అది. పరీక్ష హాల్లో కాపీ కొడుతూ దొరికిన పిల్ల మొహంలా ఉంది. తిరుమలను కాసేపు చాయ్ తాగి రమ్మని పంపించి, యమున అత్త చెయ్యి పట్టుకుని వేపచెట్టు కిందికి తీసుకొచ్చి నులకమంచం మీద కూర్చోబెట్టింది. తను కింద కూర్చుంది. రెండు మూరల దూరంలో బర్రెలు నింపాదిగా నెమరు వేస్తున్నాయి.

"అత్తమ్మా, దుడ్డె సంగతి ఇడిచిపెట్టు. మోకాళ్ల సంగతి గూడ ఇడిచిపెట్టు. కడప ఎందుకు వద్దంటానవో అసలు సంగతి చెప్పు."

చిలుకమ్మ మంచం నులకను వేలితో మీటుతూ కూర్చుంది. చెబితే నవ్వుతావంది. నవ్వనని యమున మాటిచ్చింది.

"కడప ఉంటే శోభ రాదు బిడ్డా."

శోభారాణి చిలుకమ్మ పెద్ద బిడ్డ, హరికృష్ణకు అక్క. కరెంటు పని చేసే జోయెల్‌ను ఇష్టపడి, చర్చిలో పెళ్లి చేసుకుని కాజీపేటలో కాపురముంటోంది. ఇదంతా యమున ఈ ఇంటికి కోడలిగా రాకముందు సంగతి. కోడలిగా వచ్చాక యమున ఆమెను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. మేడారం జాతరలో మాత్రం చూసింది. రెండేళ్లకోసారి జాతర వచ్చినప్పుడల్లా చిలుకమ్మ అమ్మవార్లకిచ్చే బెల్లంతో పాటు రెండు డబ్బాల సకినాలు, పచ్చళ్లు మూట కట్టుకుని వెళ్లేది. జంపన్న వాగు ఒడ్డున పరదా కింద తల్లీకూతుళ్లు ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ, చీకటి పడేదాకా ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. హరికృష్ణ సామాన్లకు కాపలా అని దూరంగా కూర్చునేవాడు. ఇంత ప్రేముంటే ఇంటికెందుకు రాదని యమున ఒకసారి అడిగితే, దాని పనులు దానికుంటాయని అత్త మాట మార్చేసింది.

ఇప్పుడు మార్చలేదు. శోభ పెళ్లి సంగతి తెలిసిన రోజు కట్టయ్య చేసిన పని మొత్తం చెప్పింది. కట్టయ్య ఆమె భర్త, యమున చూడని మామ. యమున పెళ్లికి ముందే పోయాడు. మొండిమనిషే గానీ దుర్మార్గుడు కాదు, బిడ్డంటే ప్రాణం. ప్రాణం కాబట్టే అంత చేశాడు. వాకిట్లోకి పిలిచి, గడప కడిగించి, దాని మీద పసుపు వేసి, చిలుకమ్మ చెయ్యి ఆ పసుపులో పెట్టించాడు.

"నువ్వున్న ఇంటి కడప దాటి అది లోపటికి రావొద్దు అన్నడు. సరే అని ఒట్టు పెట్టిన. పెట్టకపోతే ఆయన అన్నం ముట్టేటట్టు లేడు. నాకు ఆయన గూడ కావాలె గద బిడ్డా."

"మామ పోయిండు గదా అత్తమ్మా. ఇగ ఆ ఒట్టెక్కడిది?"

"పెట్టిచ్చినోడే తియ్యాలె. దవాఖానల పోయే ముందట శోభ పేరు తీసిండు. గంతే. ఒట్టు తీసిన అనలే. నేను అన్నం తేవడానికి ఇంటికి పోయి వచ్చేసరికి మాట పడిపోయింది."

అప్పటినుంచీ చిలుకమ్మ ఉన్న ఇళ్లన్నింటికీ గడపలున్నాయి. బిడ్డను తన గడప దాటనివ్వకుండా, కాజీపేటలో బిడ్డ గడప దాటడానికి ఆమెకు మొహం చెల్లలేదు. అద్దె ఇంటి గడపను పీకేస్తామా? తమ సొంత చెలకలో కొట్టం వేద్దామని కొడుకు అన్న రోజు ఆమెకు ఒక్కసారిగా వెలుగు కనబడింది. కొట్టానికి గడప ఉండదు. ఇల్లు కూడా ఆ కప్పు కిందే, ఆ కొట్టంలో ఒక ముక్కగా కడితే, దర్వాజ మూడు కర్రలతో నిలబెడితే, బిడ్డ నేరుగా నడిచి వచ్చి వంటింట్లో కూర్చుంటుంది. ఒట్టూ నిలబడుతుంది, బిడ్డా వస్తుంది.

యమునకు అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు వేరే, కొట్టం వేరే ఎందుకు, ఒక్క కప్పు కిందే కట్టుకుందామని మొట్టమొదట అన్నది అత్తే. బర్రె ఈనే వేళ మనిషి దగ్గరుండాలని, ఖర్చు తగ్గుతుందని, కావలి కూడా అవుతుందని ఎంత బాగా చెప్పింది. యమున ఆ ఆలోచనను మెచ్చుకుని, దానికి గాలి లెక్క, నీటి వాలు, నేల గీతలు అన్నీ తనే కలిపి, ఎవరు వచ్చినా ఇది మా ప్లాను అని చేతులు ఊపుతూ చూపించింది. ఇప్పుడు చూస్తే ఆ ప్లానంతా ఒక తల్లి తన కూతురి కోసం చేసిన దొంగదారి. యమునకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వనని మాటిచ్చింది కాబట్టి కళ్లు తుడుచుకుంది.

ఆమెకు బాధ కలగలేదని చెబితే అబద్ధమే. సొంత గడప ఆశ చేతిదాకా వచ్చి జారిపోతుంటే ఎవరికి బాధ ఉండదు? కానీ ఒక పక్క తన పసుపు ముచ్చట, ఇంకో పక్క బిడ్డ కోసం వాగు ఒడ్డున పరదా కింద ఎదురుచూసే తల్లి. ఇందులో తూకం వేసేదేముందనుకుంది. గడప లేని ఇంట్లో కూడా అన్నం ఉడుకుతుంది. లేచి చీర దులుపుకుని, అప్పుడే చాయ్ తాగి వస్తున్న తిరుమలను కేకేసి మూడు కర్రలే చాలని చెప్పింది. ఇంతసేపూ నాలుగు కావాలని పోట్లాడిన మనిషి మూడంటుంటే తిరుమల నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వడ్లాయనకు చెప్పే ముందు ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఇలాంటి ఇళ్లలో మాట పూటకోసారి మారుతుందని అతనికి అనుభవం.

చిలుకమ్మ కోడలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆ పట్టు చాలనిపించింది యమునకు. ఆ సంతోషంలోనే ఇంకో మంచి పని కూడా చేసేద్దామని, ఫోను తీసి శోభారాణికి చేసి, అత్తకు వినబడేలా స్పీకర్ పెట్టింది.

శోభారాణి వంటలో ఉంది, వెనక తాలింపు చప్పుడు వినిపిస్తోంది. యమున గబగబా సంగతంతా చెప్పేసింది. మామ ఒట్టు, అత్త ఉపాయం, మూడు కర్రల దర్వాజ, బుధవారం మంచి రోజు. ఇకనుంచి మేడారం దాకా ఎదురుచూడక్కర్లేదని, ఎప్పుడు కావాలంటే అప్పుడు రావొచ్చని చెబుతూ, అవతల సంతోషంతో ఒక కేక వినబడుతుందని ఎదురుచూసింది. తాలింపు చప్పుడు ఆగింది. స్టవ్ ఆపేసినట్టుంది.

"అంటే నేను బర్ల లెక్క లోపటికి రావాల్నా యమునా?"

యమున చప్పున అత్త వైపు చూసింది.

శోభారాణి గొంతు పెంచలేదు. "నేను తప్పు చేసి ఎల్లిపోలే. లగ్గం చేసుకొని పోయిన. కడప తీసేసి రమ్మంటే నన్ను పిలిచినట్టు కాదు, ఒట్టుకు టోపీ పెట్టినట్టు. నాకు గట్ల వద్దు. జాతరల కలుస్తనే ఉన్నం గదా, గదే మంచిగున్నది."

ఆడబిడ్డ మాటల్లో కోపం కంటే అలసట ఎక్కువ ఉందని యమునకు అనిపించింది. పుట్టింటి దర్వాజ నిలబెట్టే రోజు మొదటి పసుపు ఆడబిడ్డ రాయాలి. అది వాళ్ల ఇళ్లలో ఆడబిడ్డకున్న హక్కు, చీరా సారే పెట్టి మరీ రాయిస్తారు. ఆ హక్కు ఉన్న మనిషిని ఆ దర్వాజకే కింది కర్ర లేకుండా చేసి రమ్మంటున్నారు. ఎంత మంచి మనసుతో చేసినా అది అవమానమే. ఇంత చిన్న సంగతి తనకు ముందే తట్టనందుకు యమున నాలుక కరుచుకుంది.

శోభారాణి మళ్లీ అంది. "కడప పెట్టియ్యి. మంచి కర్ర పెట్టియ్యి. నేనొచ్చి పసుపు రాస్త. జోయెల్ పక్కన నిలవడి ప్రార్థన చేసుకుంటడు, మా ఇంట్ల గట్లనే నడుస్తది, ఎవరికీ తక్లీఫ్ లేదు. కానీ నన్ను నువ్వు పిలుసుడు కాదు. అమ్మ పిలవాలె. అమ్మ నోటితోని."

ఫోను యమున చేతిలో ఉంది. చిలుకమ్మ మంచం మీద ఉంది. మధ్యలో ఒక్క అడుగు దూరం కూడా లేదు. అయినా ఆ ఫోను అత్త చేతిలోకి మారడానికి చాలాసేపు పట్టింది. ముసలావిడ దాన్ని తీసుకుని చెవి దగ్గర కాకుండా నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏం కూర చేస్తానవ్ బిడ్డా?"

అవతలి నుంచి జవాబు వచ్చింది. చిక్కుడుకాయట. చిక్కుడుకాయలో టమాటా వేయొద్దని చిలుకమ్మ చెప్పింది. వేయలేదని కూతురు చెప్పింది. ఇంత పెద్ద సంగతిని పట్టుకుని చిక్కుడుకాయ చుట్టూ తిరుగుతున్నారేమిటని తిరుమలకు విసుగొచ్చి ఉంటుంది గానీ, యమునకు మాత్రం అత్త అసలు మాట కోసం ఊపిరి కూడదీసుకుంటోందని అర్థమైంది.

"బుధారం దర్వాజ నిలవెడ్తానం. నువ్వు రావాలె. నీ పెనిమిటిని తీస్కరా. కడప పెట్టిస్త. దాని మీదికెల్లి, నా ముంగటికెల్లి దాటి రా. ఒట్టు తప్పిన పాపం ఏదన్న ఉంటే నాకే తాకనీ. నేను చూసుకుంట."

శోభారాణి వస్తానంది. ఒక్కసారే అంది, అదీ ఏడుపులో సగం మింగేసింది. ఫోను పెట్టేశాక చిలుకమ్మ కాసేపు తన అరచేతిని చూసుకుంది. ఎప్పటిదో పసుపు ఇంకా అక్కడ అంటుకుని ఉన్నట్టు దాన్ని చీరకు తుడుచుకుంది. ఆ తర్వాత లేచిన మనిషి వేరే మనిషి. తిరుమలను పిలిచి వడ్లాయనకు ఫోను కలపమని, అతని చేతిలోంచి ఫోను లాక్కుని తనే మాట్లాడింది. నాలుగు కర్రలు. కిందిది మిగతా మూడింటికంటే వెడల్పు. ముడులు లేని కర్ర. నున్నగా చిత్రిక పట్టాలి. దుడ్డె కాలికి తగలదా అని వడ్లాయన అడిగినట్టున్నాడు, దుడ్డె సంగతి నీకెందుకని కసిరింది.

యమునకు అంత ఆనందం ఈ మధ్యకాలంలో కలగలేదు. అనుకోకుండా రెండూ దొరికాయి. గడపా దొరికింది, ఆడబిడ్డా దొరికింది. శోభ రాసిన పసుపు ఆరాక, తర్వాత వచ్చే శుక్రవారం తను పెయింటు వేయాలి, తెల్ల చుక్కలు పెట్టాలి. ఏ ఓనరమ్మా మెట్లు దిగి రాదు. ఆ మాట పైకి అనకపోయినా మొహంలో కనబడింది కాబోలు, అత్త ఆమె చెంప మీద చిన్నగా తట్టింది. తిరుమల ముగ్గు తెచ్చి చెరిగిన చోట మళ్లీ గీత గీశాడు. ఈసారి చిలుకమ్మ దగ్గరుండి, అటు జరుపు, ఇటు జరుపు అని అతని ప్రాణం తీసి మరీ గీయించింది. కోడలికి చీర ఏ రంగు కొనాలో, బిడ్డకు ఏ రంగు కొనాలో, అల్లుడికి ప్యాంటు గుడ్డ పెడితే బాగుంటుందా, రెడీమేడ్ పెడితే బాగుంటుందా అని ఒక పక్క ఆ ఆలోచనలు కూడా మొదలుపెట్టింది. పగలంతా ఇలాగే గడిచిపోతే ఈ వారం భాగం ఇక్కడితో హాయిగా ముగించేసేవాడిని.

అప్పుడే హరికృష్ణ బకెట్‌తో వచ్చాడు. గొడవ చల్లారిందని చూసుకునే వచ్చాడు లెండి. యమున ఉత్సాహంగా అంతా చెప్పింది. అతను విన్నాడు. మంచిదే అన్నట్టు తలూపాడు. బకెట్ దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించాడు.

చిలుకమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది. ఆ రోజు కట్టయ్య ఒట్టు పెట్టించింది తనతో ఒక్కదానితోనే కాదని, పక్కనే నిలబడ్డ కొడుకు చెయ్యి కూడా ఆ పసుపులో పెట్టించాడని అప్పుడు గానీ యమునకు తెలియలేదు. జాతరలో అతను సామాన్లకు కాపలా ఎందుకు కూర్చునేవాడో కూడా అప్పుడే అర్థమైందనుకుంది.

"నా చెయ్యి నేను తీసుకున్న కొడుకా. నువ్వు గూడ నీది తీసుకొని అక్కకు ఒక ఫోను చెయ్. దానికి పానం నిమ్మలమైతది."

హరికృష్ణ తల్లి వైపు చూడలేకపోయాడు.

"నా ఒట్టు బాపు అప్పుడే తీసిండమ్మా. దవాఖానల. నువ్వు అన్నానికి ఇంటికి పోయినవ్ సూడు, అప్పుడు. నాది తీసిండు, నీది గూడ తీసిన అని నీకు చెప్పుమన్నడు. శోభను ఇంటికి తీస్కరా అన్నడు."

చిలుకమ్మ కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. నెమ్మదిగా కిందికి జారి నేల మీద కూర్చుండిపోయింది. ఎన్ని జాతరలు, ఎన్ని సకినాల డబ్బాలు, వాగు ఒడ్డున ఎన్ని పరదాలు. అన్నీ ఎప్పుడో తీసేసిన ఒట్టు కోసం మోసింది.

యమునకు మండిపోయింది. ఇంతకాలం తల్లీబిడ్డలను విడదీసి ఉంచిన మనిషి తన పక్కనే తిని, తన పక్కనే పడుకుని, ఏమీ ఎరగనట్టు బర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. నోరెందుకు విప్పలేదని నిలదీసింది. ఆమె అంత గట్టిగా అతనితో ఎన్నడూ మాట్లాడలేదు.

హరికృష్ణ అప్పుడు తలెత్తి భార్యను చూశాడు.

"అప్పటికే మన సంబంధం మాట నడుస్తాంది యమునా. శోభ ఆ ఇంట్ల అడుగు పెడితే పిల్లనిచ్చేది లేదని మీ నాయిన నా మొకం మీద అన్నడు. నేను నిన్నే కావాల్ననుకున్న."